పదిహేనేళ్ల డీజిల్ బండి, మీటరు బోర్డు మీద నాలుగు లైట్లు

మా డీజిల్ బండికి 2025లో పదిహేనేళ్లు నిండాయి. సొంత వాహనానికి మొదట ఇచ్చే రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లే చెల్లుతుంది కనుక, ఆ తరువాత బండిని తనిఖీకి చూపించి మరో ఐదేళ్లకు పొడిగించుకోవాలి. ఆ గడువుకు సరిగ్గా నాలుగు నెలల ముందు, సంక్రాంతి వెళ్లిన వారంలో, మీటరు బోర్డు మీద ఒకదాని వెనుక ఒకటిగా నాలుగు లైట్లు వెలగడం మొదలుపెట్టాయి. మొదట ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), దానికి తోడుగా చెక్ ఇంజను, కొన్నాళ్లకు బ్యాటరీ గుర్తు, అప్పుడప్పుడు డీజిల్ ఫిల్టరులో నీళ్లున్నాయని హెచ్చరించే పసుపు లైటు. విజయవాడ ఆటోనగర్‌లో ముగ్గురికి చూపించాను. ముగ్గురూ మూడు వేర్వేరు చీటీలు రాసిచ్చారు. డైనమో, ఏబీఎస్ సెన్సర్లు, పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజనులోకి పంపే ఈజీఆర్ వాల్వు, కొత్త బ్యాటరీ అన్నీ కలిపి చూసుకుంటే లెక్క అరవై వేలు దాటింది. ఆ చీటీల్లో దేనిలోనూ ఒక్క కొలత కూడా లేదని ఇంటికి వచ్చి చదువుకున్నాక గాని నాకు తట్టలేదు.

బండి గతం గురించి ఒక్క సంగతి చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగినప్పుడు ఈ బండి మొగల్రాజపురంలోని మా ఇంట్లో లేదు. పాయకాపురంలో మా అక్కయ్య ఇంటి ముందు ఉంది. వాకిలి కాస్త ఎత్తు మీద ఉండబట్టి నీళ్లు బంపరు దాకా వచ్చి ఆగాయి, సీట్ల మీదికి రాలేదు. నీళ్లు తీశాక కూడా బండిని స్టార్టు చేయవద్దని అక్కయ్యకు ఫోనులో పదిసార్లు చెప్పాను, ఎందుకంటే గాలి గొట్టం గుండా సిలిండరులోకి నీరు చేరితే పిస్టను దాన్ని నొక్కలేక కనెక్టింగు రాడ్డే వంగుతుంది. బండిని తాడు కట్టి లాగించి, ఆయిళ్లు మార్పించి, గాలి ఫిల్టరు చూసుకుని స్టార్టు చేయించాము. అంతటితో గండం గడిచిందనుకున్నాను. ఇనుప బోల్టు కింద చేరిన తేమ పని మొదలుపెట్టడానికి తీరిక తీసుకుంటుందని అప్పుడు ఆలోచించలేదు.

లైట్ల విషయంలో మొదట చూడవలసింది అవి వెలిగినప్పుడు కాదు, వెలగవలసిన సమయంలో వెలుగుతున్నాయా అన్నది. తాళం తిప్పి, సెల్ఫ్ కొట్టకుండా ఆపితే, బ్యాటరీ, ఇంజను ఆయిలు, చెక్ ఇంజను, ఏబీఎస్, చల్లని ఇంజనును వేడిచేసే హీటరు ప్లగ్గుల స్ప్రింగులాంటి గుర్తు, ఇవన్నీ ఒక్కసారిగా వెలగాలి. వీటిలో ఏదైనా ఆ క్షణంలో చీకటిగా ఉంటే అది శుభం కాదు. బల్బు పోయి ఉండవచ్చు, వైరు తెగి ఉండవచ్చు, లేదా పాత బండి అమ్మే పెద్దమనిషి ఎవరో దాన్ని ఊడబెరికి ఉండవచ్చు. మరీ తెలివైనవాళ్లు చెక్ ఇంజను బల్బు వైరును ఆయిలు లైటుకు కలిపేస్తారు, రెండూ కలిసి వెలిగి కలిసి ఆరిపోతాయి, కొనేవాడికి అంతా సవ్యంగా కనబడుతుంది. సెకండ్ హ్యాండు బండి చూడటానికి వెళ్లేవారు తాళం తిప్పి ఒక్కొక్క లైటు విడివిడిగా ఎప్పుడు ఆరిందో చూడటం మంచిది.

ఎరుపు వస్తే బండి పక్కకు తీసి ఆపాలనీ, పసుపు వస్తే జాగ్రత్తగా ఇంటికి చేరి వెంటనే చూపించుకోవచ్చనీ అందరికీ తెలిసిందే, దాని గురించి ఎక్కువ రాయను. మనం తరచు మరిచిపోయేది ఏమిటంటే, లైటు ఏ భాగం పాడైందో చెప్పదు. ఎక్కడో ఒక స్విచ్చు మూసుకుందనో, ఒక వైరు మీద వోల్టేజి ఉండవలసినంత లేదనో మాత్రమే చెబుతుంది. ఆ వైరు వెంట వెనక్కి నడవడం మన పని.

ఏబీఎస్, చెక్ ఇంజను లైట్ల విషయంలో నాకు అందిన మొదటి ఆధారం అవి వెలిగే వేళ. దారిలో గుంతల్లోనో, బ్రేకు వేసినప్పుడో కాదు, ఎప్పుడూ ఉదయం సెల్ఫ్ కొట్టిన మరుక్షణమే వచ్చేవి. మధ్యాహ్నం వేడి ఇంజనును స్టార్టు చేస్తే ఒక్కోసారి వచ్చేవి కావు. చక్రం దగ్గరి సెన్సరు వైరు తెగితే తాళం తిప్పగానే తెలియాలి, సెన్సరు సరిగ్గా చదవకపోతే చక్రం తిరిగినప్పుడు తెలియాలి, సరిగ్గా సెల్ఫ్ కొట్టినప్పుడే ఎందుకు తెలియాలి? స్టీరింగు కింద, డ్రైవరు మోకాళ్ల దగ్గర ఉండే పదహారు పిన్నుల సాకెట్టులో తగిలించే చిన్న బ్లూటూత్ స్కానరు ఒకటి వెయ్యి రూపాయల లోపే కొన్నాను. 2010 నాటి బండ్లన్నీ ఈ చవక పరికరంతో మాట్లాడవు, మాది మాట్లాడింది. పీ 0562 అనే కోడు చూపింది, అంటే బండికి అందే వోల్టేజి తక్కువగా ఉందని అర్థం. అంతకుముందు చూసినవారిలో ఒకరు ఈ కోడునే చూసి, చెరిపేసి, బ్యాటరీ మార్చమని చీటీ రాశారు. బ్యాటరీ వయసు అప్పటికి ఎనిమిది నెలలు. రాత్రంతా కదలకుండా ఉన్న తరువాత కూడా దాని మీద 12.6 వోల్టులు ఉన్నాయి.

ఇక్కడ నా అవమానం నేనే చెప్పుకోవాలి. ముప్పై ఏళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు ఓమ్ నియమం బోధించి రిటైరైనవాణ్ని, నా బండిలో అదే నియమం కళ్లెదుట నిలబడితే గుర్తుపట్టడానికి రెండు నెలలు పట్టింది. ఎర్త్ వైర్లు, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారి, బాగున్నాయో లేదో చూద్దామని మల్టీమీటరును ఓముల మీద పెట్టి, ఒక ప్రోబు ఇంజను మీద, రెండోది బ్యాటరీ మైనస్ మీద ఆనించాను. మీటరు సున్నా చూపింది, బీప్ అని కూడా మోగింది. బాగానే ఉందనుకుని మూత వేసేశాను. డీజిల్ ఇంజనును తిప్పడానికి సెల్ఫ్ మోటారు సుమారుగా 200 ఆంపియర్లు లాగుతుందనుకుంటే, దారిలో ఓములో వెయ్యో వంతులు ఐదున్నర అడ్డుపడినా చాలు, 1.1 వోల్టులు అక్కడే మిగిలిపోతాయి. అంత చిన్న నిరోధాన్ని మామూలు మీటరు సున్నా అనే చూపుతుంది. అందుకే ఓములు కొలిచి లాభం లేదు, సెల్ఫ్ కరెంటు లాగుతున్నప్పుడు వోల్టులు కొలవాలి.

రెండోసారి మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, ఎర్ర ప్రోబు ఇంజను దిమ్మ మీద శుభ్రమైన చోట, నల్లది బ్యాటరీ మైనస్ గుబ్బ మీద నేరుగా, క్లాంపు మీద కాకుండా, ఆనించి మా అబ్బాయిని రెండు సెకన్లు సెల్ఫ్ కొట్టమన్నాను. 0.2, మహా అయితే 0.3 వోల్టులు రావలసిన చోట 1.1 వచ్చింది. తరువాత దారిని రెండు ముక్కలు చేసి కొలిచాను. బాడీ నుంచి ఇంజనుకు 0.2, బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి 0.9. దొంగ ఏ గదిలో ఉన్నాడో తేలిపోయింది. బ్యాటరీ పళ్లెం కింద, బాడీకి మైనస్ కేబులు బిగించిన బోల్టు విప్పితే రింగు కింద పచ్చగా, తెల్లగా పొడి కట్టి ఉంది. బుడమేరు నీళ్లు అక్కడిదాకా వచ్చినట్టు బంపరు వెనుక బురద చార ఇంకా కనబడుతోంది. ఉప్పుకాగితంతో రింగునూ, దాని కింద బాడీనీ లోహం మెరిసేదాకా రుద్ది, కొత్త బోల్టు బిగించి, పైన వాజలీను పూశాము. మొత్తం మీద మళ్లీ కొలిస్తే 0.25. రెండు లైట్లూ మరునాడు ఉదయం రాలేదు. ఖర్చు బోల్టుకు, ఉప్పుకాగితానికి కలిపి నలభై రూపాయలు.

సెల్ఫ్ కొట్టే ఆ రెండు సెకన్లలో బాడీ మీద ఉన్న ప్రతి కంప్యూటరు పెట్టెకూ ఎర్త్ దాదాపు ఒక వోల్టు పైకి లేచిపోతుంది, దాంతో ఏబీఎస్ పెట్టె తనకు సరిపడా కరెంటు అందడం లేదని నమోదు చేసి లైటు వెలిగిస్తుంది. ఉదయం చల్లని ఇంజనులో ఆయిలు చిక్కగా ఉండి సెల్ఫ్ ఎక్కువ లాగుతుంది కనుక లైటు ముఖ్యంగా ఉదయాలే వచ్చేది. పరస్పరం సంబంధం లేని రెండు మూడు లైట్లు ఒకేసారి వెలిగితే, ఆ భాగాలన్నీ ఒకే రోజు చచ్చిపోయాయని నమ్మేకంటే, వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ఎర్తో, ఫ్యూజో, వోల్టేజో అనుమానించడం ముందు చేయవలసిన పని.

బ్యాటరీ లైటు కథ వేరు, అది నన్ను నిజంగా భయపెట్టింది. ఫిబ్రవరిలో గుంటూరు నుంచి వస్తుండగా కాజ టోల్ దగ్గర ఎర్రగా వెలిగింది. బ్యాటరీ కొత్తదే కదా, పట్టపగలు, హెడ్‌లైట్లు అక్కరలేదు, ఏసీ కట్టేసి ఇంటికి పోవచ్చనుకున్నాను. కనకదుర్గ వారధి మీద ముందున్న లారీ నెమ్మదించినప్పుడు బ్రేకు పెడలు రెండుసార్లు మామూలుగానే దిగింది, మూడోసారి రాయిలా గట్టిపడింది. రెండు కాళ్లతో తొక్కి ఆపాను.

ఈ సంబంధం డీజిల్ బండి నడిపే ప్రతివారూ తెలుసుకోవాలి. పెట్రోలు ఇంజనులో గాలి దారికి అడ్డంగా ఉండే రేకు వల్ల శూన్యం దానంతట అదే పుడుతుంది, బ్రేకు బూస్టరు ఆ శూన్యంతోనే మన కాలికి సాయం చేస్తుంది. డీజిలుకు ఆ వసతి లేదు కనుక వ్యాక్యూమ్ పంపు విడిగా పెడతారు, మన దేశంలో తిరిగే చాలా పాత డీజిల్ బండ్లలో ఆ పంపు డైనమో వీపునే అంటుకుని, అదే ఇరుసు మీద తిరుగుతుంది. బెల్టు తెగితే డైనమోతో పాటు పంపూ ఆగిపోతుంది. బూస్టరులో నిల్వ ఉన్న శూన్యం రెండు మూడు తొక్కుళ్లకు సరిపోతుంది, ఆ తరువాత బ్రేకులు పనిచేస్తాయి గాని మన కాలి బలం మీదే పనిచేస్తాయి. మా బండిలో సరిగ్గా బెల్టే తెగింది. నీటి పంపు వేరే బెల్టు మీద ఉండబట్టి ఇంజను ఉడికిపోకుండా బతికింది. బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగితే డీజిల్ బండిలో మొదట చూడవలసింది బ్యాటరీని కాదు, పెడలు మెత్తగా ఉందా, బెల్టు ఉందా అన్నది.

కొత్త బెల్టు వేశాక నెల తిరగకుండానే బ్యాటరీ లైటు మళ్లీ వచ్చింది, ఈసారి నిండుగా కాదు, రాత్రిపూట మాత్రమే కనిపించేంత మసకగా. ఈ లైటు పనిచేసే తీరు తెలిస్తే ఆ మసకకు అర్థం తెలుస్తుంది. బల్బుకు ఒక కొస బ్యాటరీ వైపు, మరో కొస డైనమో వైపు ఉంటుంది. తాళం తిప్పగానే బ్యాటరీ నుంచి కరెంటు బల్బు గుండా డైనమోలోకి పోయి, కార్బన్ బ్రష్‌ల మీదుగా లోపల తిరిగే రోటరును అయస్కాంతం చేస్తుంది, అందుకే లైటు వెలుగుతుంది. డైనమో తిరిగి తన వోల్టేజి తాను పుట్టించుకున్నాక బల్బుకు రెండు కొసలా ఒకే వోల్టేజి నిలుస్తుంది, తేడా లేదు కనుక లైటు ఆరుతుంది. మసకగా వెలుగుతోందంటే రెండు కొసల మధ్య కొంత తేడా ఉన్నట్టే, డైనమో సగం పనే చేస్తున్నట్టు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉండాలి. మా బండిలో 13.1 ఉంది, హెడ్‌లైట్లూ ఏసీ వేస్తే 12.4కు దిగింది.

కొత్త డైనమోకు పద్నాలుగు వేలన్నారు. అది కొనకముందు ఆటోనగర్‌లో పాత డైనమోలు, సెల్ఫ్‌లు విప్పి బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన డైనమో దింపి, విప్పకుండానే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. "మాస్టారూ, దీనికి కరెంటు జబ్బు కాదండి, ఆయిలు జబ్బు" అన్నారు. వ్యాక్యూమ్ పంపుకు ఇంజను ఆయిలే మెత్తదనం ఇస్తుంది. ఆ పంపుకూ డైనమోకూ మధ్య ఉన్న ఆయిలు సీలు పాతబడి, ఆయిలు చుక్క చుక్కగా డైనమోలోకి దిగుతోంది. లోపల బ్రష్‌ల పొడి ఆయిలుతో కలిసి కాటుకలా ముద్దకట్టింది. అదే ఆయిలు కిందికి కారి బెల్టును తడిపి, జారుతూ, వేడెక్కుతూ చివరికి దాన్ని తెంచింది. ఫిబ్రవరిలో బెల్టు మార్చినవాళ్లు బెల్టు ఎందుకు తెగిందని అడగలేదు, నేనూ అడగలేదు. సీలు, బ్రష్‌లు, పంపులోని రెక్కలు, కూలి అన్నీ కలిపి పద్దెనిమిది వందలయ్యాయి. ఆ సాయంత్రం హెడ్‌లైట్లూ ఏసీ వేసినా 13.9 నిలిచింది.

ఇంజను ఆయిలు లైటు మా బండిలో రాలేదు, రాకూడదనే కోరుకుంటాను. అది ఆయిలు ఎంత ఉందో చెప్పే లైటు కాదు, ఒత్తిడి పడిపోయిందని చెప్పే లైటు. నడుస్తుండగా వెలిగితే ఎక్కడున్నా ఇంజను కట్టేయాలి. ఇంజనులోకి గాలిని నెట్టే టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతూ ఆ ఆయిలు పొర మీదే నిలబడి ఉంటుంది. ఆపాక గీతల పుల్ల చూసి, ఆయిలు సరిపడా ఉంటే, ఒత్తిడి స్విచ్చు ఉన్న చోట గేజి బిగించి నిజమైన ఒత్తిడి కొలిపించాలి. స్విచ్చు మార్చి లైటు ఆరిపోయిందని సంతోషించేవారిని చూశాను. కొన్నిసార్లు స్విచ్చే తప్పు, కాని కొలిచాక చెప్పవలసిన మాట అది.

ఫిల్టరులో నీళ్ల లైటు మాత్రం తేలిక. నీరు డీజిలు కంటే బరువు కనుక ఫిల్టరు అడుగున చేరుతుంది, అక్కడున్న సెన్సరు రెండు మొనల మధ్య నీరు కరెంటును పోనిస్తే లైటు వెలుగుతుంది. అడుగున ఉన్న మర వదులు చేసి గాజు సీసాలోకి పట్టి, పది నిమిషాలు కదపకుండా ఉంచితే నీళ్లు అడుగున విడిగా కనబడతాయి. మాకు సుమారు రెండు చెంచాల నీళ్లు వచ్చాయి. తరువాత పైనున్న చేతి పంపు గట్టిపడేదాకా నొక్కి, గాలి పోగొట్టి స్టార్టు చేశాము. అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి డీజిలు అందించే కామన్ రైలు ఇంజనులో డీజిలు వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో నాజిళ్ల గుండా పోతుంది, అక్కడ భాగాల మధ్య సందు మైక్రాన్లలో ఉంటుంది, ఆ చోట నీటి చుక్క తుప్పు పట్టిస్తే నాలుగు నాజిళ్లకు అయ్యే ఖర్చు ముందు ఈ పదిహేను నిమిషాల పని ఏపాటిది?

చివరికి మిగిలింది చెక్ ఇంజను. ఎర్త్ బాగుచేశాక పోయిన లైటు ఏప్రిలులో మరో కోడుతో తిరిగివచ్చింది: పీ 0401, ఈజీఆర్ గుండా పొగ చాలినంత పోవడం లేదని. ఒకచోట వాల్వు మార్చమన్నారు, మరోచోట మధ్యలో రేకు వేసి దారి మూసేస్తే పికప్ కూడా పెరుగుతుందన్నారు. పొగ తగ్గించడానికి పెట్టిన దారిని మూసి, అదే నెలలో బండిని తనిఖీకి తీసుకువెళ్లడం నాకు సబబనిపించలేదు. వాల్వు విప్పి చూస్తే మసి ఉంది, కాని దారి మూసుకుపోయేంత లేదు. మా బండిలో ఆ వాల్వును తెరిచేది కరెంటు మోటారు కాదు, శూన్యం. ఆ శూన్యం వచ్చేదీ డైనమో వీపున ఉన్న పంపు నుంచే. పంపు దగ్గర శూన్యాన్ని కొలిచే గేజి పెడితే 680 మిల్లీమీటర్ల పాదరసం చూపింది, వాల్వు దగ్గర పెడితే 410. మధ్యలో పదిహేనేళ్ల రబ్బరు గొట్టం ఒకటి, బిగింపు పక్కనే వెంట్రుకవాసి పగులుతో దొరికింది. వేలితో వంచితే గాని కనబడలేదు. రెండు మీటర్ల కొత్త గొట్టం కొని, ఉన్నవన్నీ మార్చాను. కోడును మాత్రం వెంటనే చెరపలేదు. దానితో పాటు తప్పు పట్టుబడిన క్షణంలో ఇంజను ఎంత వేడిగా ఉంది, ఎన్ని చుట్లు తిరుగుతోంది అన్న వివరాలు కూడా నమోదై ఉంటాయి, వాటిని కాగితం మీద రాసుకున్నాకే చెరిపాను.

రిజిస్ట్రేషన్ పొడిగింపు అయిపోయింది. గొట్టాలు మార్చిన తరువాత బండి 640 కిలోమీటర్లు తిరిగింది, చెక్ ఇంజను లైటు రాలేదు. నిన్న సాయంత్రం వానలో బెంజ్ సర్కిల్ దాటుతుండగా ఏబీఎస్ లైటు ఒక్కసారి వెలిగి, పది సెకన్లకు ఆరిపోయింది. ఈసారి బండి నడుస్తుండగా, చక్రాలు తడిసినప్పుడు వచ్చింది, సెల్ఫ్ కొట్టినప్పుడు కాదు. స్కానరు ఎడమ ముందు చక్రం పేరు చెబుతోంది. ఆదివారం ఆ చక్రం విప్పి, సెన్సరు వైర్లు కలిసే కప్లరులో ఎక్కడ తేమ చేరిందో చూడాలి.